మా క్లబ్బు వల్ల ఏం మారిందో పిల్లల్నే అడగాలి, భయపెట్టకుండా ఎలా?

కాశీనగర్ అక్క:
అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో గజపతి జిల్లా, కాశీనగర్ పక్కన ఊరు. ఏడాదిన్నరగా సాయంత్రం పూట రీడింగ్ క్లబ్బు, కబడ్డీ నడుపుతున్నాం, 9 నుంచి 14 ఏళ్ల పిల్లలు 34 మంది వస్తారు. డబ్బులిచ్చేవాళ్లు ఇప్పుడు ఇంపాక్ట్ రిపోర్ట్, అంటే క్లబ్బు వల్ల ఏం మారిందో రాసిన నివేదిక, కావాలని 25 ప్రశ్నల ఫారం పంపారు, అదేమో ఒడియాలో ఉంది, మా పిల్లలు బడిలో ఒడియా చదివినా ఇంట్లో తెలుగే, కొండ మీంచి దిగొచ్చేవాళ్లు సవర మాట్లాడతారు. సరే అని పంచి పక్కనే నిలబడ్డాను. అయిదో క్లాసు పాప ఒకతి పెన్సిల్ పట్టుకుని నా మొహంలోకి చూసి "అక్కా, ఏది టిక్కు పెడితే నీకు మంచిది?" అనడిగింది. నాకు గుండె కలుక్కుమంది. 34 ఫారాల్లోనూ "చాలా బాగుంది" అనే ఉంది. కానీ వేసవి నుంచి ఏడుగురు ఆడపిల్లలు ఎందుకు మానేశారో నాకు ఇప్పటికీ తెలీదు. పరీక్షలా అనిపించకుండా ఎలా అడగాలో చెప్పండి.

గుణుపురం మాస్టారు:
ముందు ఆ ఫారం పక్కన పెట్టమ్మా. నేను చింతపిక్కలతో చేయిస్తాను. అయిదు ముంతలు తెచ్చి ఒక్కోదానికి ఒక్కో బొమ్మ అంటించండి, పుస్తకం, ఆట, నేర్పేవాళ్లు, దారి, స్నేహితులు. తలా 10 పిక్కలిచ్చి నచ్చినదాంట్లో ఎక్కువ, నచ్చనిదాంట్లో తక్కువ వెయ్యమనండి. అందరి ముందూ వేయించొద్దు, మొదటివాడు ఎందులో వేస్తే మిగతావాళ్లూ అందులోనే వేస్తారు, నేను మొదట అలాగే చేసి దెబ్బతిన్నాను. చీర అడ్డం కట్టి ఒక్కొక్కరినే పంపండి, మీరు బయటే ఉండండి. లెక్కపెట్టడం అయ్యాక అసలు పని, "ఇందులో ఇంత తక్కువ పడ్డాయి, ఎందుకర్రా?" అని ఊరికే అడగండి, ఎవరు వేశారని మాత్రం అడక్కండి. మా దగ్గర దారి ముంతలో పిక్కలు అడుగున నాలుగే ఉన్నాయి. చీకటి పడ్డాక కల్వర్టు దగ్గర కుక్కలట! క్లబ్బు గంట ముందుకి జరిపాం.

రాయగడ నుంచి:
అక్కా, నవ్వే మొహం ఏడ్చే మొహం బొమ్మలు మాత్రం పెట్టకండి, చిన్నపిల్లలు నవ్వేదానికే పోతారు. "క్లబ్బుకి రాకముందు నేను, ఇప్పుడు నేను" అని రెండు బొమ్మలు గీయించండి, అర్థం మీరు చెప్పుకోకుండా వాళ్లనే అడిగి వాళ్ల మాటే రాసుకోండి, సవర వచ్చినవాళ్లని ఒకరిని కూర్చోబెట్టుకోవాలి. చెప్పడం ఇష్టం లేకపోతే మానెయ్యొచ్చని ముందే చెప్పండి. 1989 ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందం 12వ అధికరణంలో పిల్లల మాట వినాలని ఉంది, మన దేశం 1992లో అందులో చేరింది, వినడం అంటే బలవంతంగా చెప్పించడం కాదు కదా. రిపోర్టులో పేర్లు, ఫొటోలు వద్దు. ఎవరైనా ఇంట్లో కొడుతున్నారనో ఇంకేదో చెప్తే దాన్ని రిపోర్టు కోసం అట్టేపెట్టొద్దు, వెంటనే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యాలి.

సిరోంచ తమ్ముడు:
మంచిగనే చెప్పిన్రు గని డబ్బులిచ్చెటోళ్లకు అంకెలు కూడ కావాలె. చదువుడు సంగతికి అసర్ అని పిల్లలకు చదువుడు ఎంతొచ్చిందో చూసే సర్వే పద్ధతి ఉంది గదా, ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థోళ్లు 2005 నుంచి చేస్తున్నది, అక్షరాలు, పదాలు, చిన్న పేరా, రెండో క్లాసు కథ, ఎందాక చదువుతరో చూసుడే, ఒక్కో పిల్లతో కొన్ని నిమిషాలే పడ్తది. గని మీరు మొదలువెట్టినప్పుడు చెయ్యలేదు గాబట్టి ఇప్పటి అంకె చూపెట్టి మా వల్లనే అని రాయొద్దక్కా, ఇయ్యాల్టి నుంచి మొదలని రాయుండ్రి. ఇంకొకటి, ఉన్న పిల్లల్నే అడిగితె ఏం తెల్వది, మానేసినోళ్ల ఇండ్లకు పోవాలె.

కాశీనగర్ అక్క:
తమ్ముడూ, నీ మాట విని నిన్న రెండిళ్లకి వెళ్లాను. ఒక పాప వాకిట్లో గిన్నెలు తోముతూ తల ఎత్తకుండానే చెప్పింది, కబడ్డీ ఆడుతుంటే గట్టు మీద పెద్ద కుర్రాళ్లు కూర్చుని నవ్వుతున్నారట. ఏడాదిన్నర ఆ గట్టు పక్కనే నిలబడి విజిల్ వేశాను, నాకు కనిపించలేదు. ఈ వారం నుంచి ఆడపిల్లల ఆట బడి కాంపౌండు లోపల. ఆదివారం పిక్కలు పెడుతున్నాను, ఇంటర్ చదివే సవర అమ్మాయి వస్తానంది. మాస్టారూ, "ఆడే చోటు" అని ఆరో ముంత పెడితే 10 పిక్కలు సరిపోతాయా, 12 ఇవ్వాలా?