మగవాళ్ళకు అక్కడ ఎరుపు, మంట, పగుళ్ళు మళ్ళీ మళ్ళీ వస్తుంటే ఏం చేశారు? తిరుపతి, చిత్తూరు వాళ్ళు చెప్పండి

పుత్తూరు బండి:
అన్నలూ, సిగ్గు పక్కన పెట్టి అడుగుతున్నా. తిరుపతి నుంచి పుత్తూరు, నగరి దాకా రోజంతా బండి మీద తిరిగే సేల్స్ పని నాది, ఈ ఎండల్లో జీన్స్ ప్యాంటు చెమటకి తడిసి ముద్దవుతుంది. అంగం చివర, ముందు తోలు లోపల ఎర్రగా కందిపోయింది, తోలు వెనక్కి తీస్తే సన్నగా పగులుతోంది, ఒంటికి పోసినప్పుడు చుర్రుమంటుంది. తెల్లగా పాచి లాంటిది పేరుకుంటోంది. క్రిములు చంపే సబ్బుతో రోజూ ఒకటికి రెండుసార్లు కడుగుతున్నా, అయినా ఎక్కువే అవుతోంది. మెడికల్ షాపులో ఇచ్చిన ఆయింట్‌మెంటు పూస్తే తగ్గుతుంది, ఆపితే మళ్ళీ మొదలు. పెళ్ళయింది, బయట ఎటువంటి తిరుగుళ్ళూ లేవు. ఇది సుఖవ్యాధేనా? ఇంట్లో ఏమని చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

కాణిపాకం రోడ్డు:
తమ్ముడూ, ముందు షుగర్ చూపించుకో. నాకూ అచ్చం ఇట్లాగే నిలువుగా పగుళ్ళు, పాచి. స్కిన్ డాక్టరు చూసి, దీన్ని బెలనైటిస్ అంటారు, ఎక్కువగా కాండిడా అనే ఫంగస్ వల్ల వస్తుంది, అది మన ఒంటి మీద మామూలుగా ఉండేదే అని చెప్పి, మందు రాయకముందే రక్త పరీక్షకి పంపించారు. షుగర్ బయటపడింది. అంతవరకూ దాహం, నీరసం అన్నీ ఎండ వల్లే అనుకుంటూ ఉన్నాను. షుగర్ ఎక్కువగా ఉంటే మూత్రంలో కూడా చక్కెర పోతుంది, ఆ తడి తోలు కింద నిలిస్తే ఫంగస్‌కి అదే మేత. పరగడుపు షుగర్ 126 గానీ అంతకు మించి గానీ ఉన్నా, హెచ్‌బీఏ1సీ (దాదాపు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష) 6.5 గానీ అంతకు మించి గానీ ఉన్నా షుగర్ కిందే లెక్క, అయితే ఇంకోసారి చేయించి ఖాయం చేసుకుంటారు.

ఇంకో సంగతి. ఇప్పటికే షుగర్ ఉండి డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలు వాడేవాళ్ళు ఇది జాగ్రత్తగా చదవండి. అవి పనిచేసే పద్ధతే చక్కెరని మూత్రంలోకి తోసేయడం. అందుకే అవి మొదలుపెట్టాక కొందరికి ఈ ఇన్ఫెక్షన్ వస్తుంది, ఆడవాళ్ళకి ఇంకా ఎక్కువగా వస్తుంది. అలాగని సొంతంగా మాత్ర మానేయకండి, గుండెకీ కిడ్నీలకీ మేలు చేసే మందులవి. ఫలానా ఇబ్బంది ఉందని డాక్టరుకి నోరు తెరిచి చెప్పండి, ఏం చేయాలో వాళ్ళు చూస్తారు. కానీ అక్కడ విపరీతమైన నొప్పి, వాపు, పైగా జ్వరం ఉంటే మాత్రం ఆ రాత్రికే ఆసుపత్రికి వెళ్ళాలి.

పలమనేరు కౌంటరు:
నేను మెడికల్ షాపులో పనిచేస్తా. పుత్తూరు అన్నా, మీకు ఇచ్చిన ట్యూబు మీద పేర్లు ఒకసారి చదవండి. క్లోబెటసాల్ గానీ బీటామెథాసోన్ గానీ ఉంటే అందులో స్టెరాయిడ్ ఉన్నట్టు. స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిపిన ట్యూబులు గజ్జల తామరకీ దీనికీ అన్నిటికీ జనం పేరు పెట్టి మరీ అడిగి తీసుకెళ్తారు, చీటీ లేకుండా ఇవ్వకూడదని చెప్తే కోప్పడతారు. పూయగానే ఎరుపు, దురద అణిగిపోతాయి కాబట్టి బాగుందనుకుంటారు. లోపల ఫంగస్ అట్లాగే ఉంటుంది, పైగా అక్కడి తోలు అసలే పలచన, వాడేకొద్దీ ఇంకా పలచబడి ఊరికే పగులుతుంది. ఫంగస్ అయితే ఉత్త క్లోట్రిమజోల్ 1 శాతం క్రీమ్, పొద్దున సాయంత్రం పలచగా, ఒకటి రెండు వారాలు వాడమంటారు. కొందరికి ఫ్లూకోనజోల్ 150 ఒక్క మాత్ర రాస్తారు, అది డాక్టరు రాస్తేనే తీసుకోండి, వేరే మందులతో పడకపోవచ్చు.

తిరుచానూరు అక్క:
ఆడమనిషిని, అయినా రాస్తున్నా. మా ఆయన ఇట్లాగే దాచిపెట్టి నాకు దూరంగా పడుకుంటుంటే నేనేదేదో ఊహించుకుని ఏడ్చాను. చెప్పేయండి నాయనా. ఇది ఎక్కువమందికి సుఖవ్యాధి కాదు. మీ ఆవిడకి కూడా దురద, తెల్లబట్ట ఉంటే ఆమెకీ మందు కావాలి, లేకపోతే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది. తగ్గేదాకా కలవకపోతేనే మంచిది. క్రీమ్ పూసినప్పుడు కండోమ్‌ని నమ్ముకోవద్దు, ఆ క్రీముల్లో జిడ్డు రబ్బరుని దెబ్బతీస్తుంది.

రేణిగుంట షిఫ్టు:
నాది వేరే కథ. ఉన్నట్టుండి ఒకే చోట గుండ్రంగా ఎర్రటి మచ్చ, మంట, తర్వాత నల్లబడి మానేది. కొన్ని నెలలకి మళ్ళీ అదే చోట. డాక్టరు మచ్చ చూసి, ఈమధ్య ఏం మాత్రలు మింగావని అడిగితే అప్పుడు తేలింది, విరేచనాలైనప్పుడల్లా నేను తెచ్చుకునే నార్‌ఫ్లాక్సాసిన్, టినిడజోల్ కలిపిన మాత్ర పడట్లేదని. ఫిక్స్‌డ్ డ్రగ్ ఎరప్షన్ అంటారట. నొప్పి మాత్రలూ, సల్ఫా మందులూ కూడా కొందరికి ఇట్లా చేస్తాయి. దీనికి ఫంగస్ క్రీమ్ ఎంత పూసినా లాభం లేదు, ఆ మాత్ర జన్మలో ముట్టకూడదు అంతే.

పుత్తూరు బండి:
అందరికీ దండాలు. ట్యూబు చూశా, క్లోబెటసాల్ ఉంది. వేపాకు నీళ్ళు, పసుపు, కొబ్బరినూనె అని మా నాయనమ్మ కాలం నుంచి చెప్తారు, పనికొస్తాయా? ఇక్కడ ఎవరికి చూపించాలి?

వార్డు డ్యూటీ:
నర్సుని. పచ్చిగా ఉన్న తోలు మీద పసుపూ వేపా వద్దు, మంట పెరుగుతుంది. సబ్బు, షాంపూ నురుగు, తడి వైప్స్, పౌడరు అన్నీ ఆపేయండి. చాలా కేసుల్లో మనుషులు చేసే తప్పు మురికిగా ఉంచడం కాదు, అతిగా రుద్దడం. రోజుకొకసారి తోలు మెల్లగా వెనక్కి తీసి ఉత్త గోరువెచ్చని నీళ్ళతో కడిగి, మెత్తటి బట్టతో అద్ది, ఆరాక తోలు తప్పనిసరిగా ముందుకి తెచ్చెయ్యాలి. మంట ఎక్కువుంటే గోరువెచ్చని నీళ్ళలో కాస్త ఉప్పు కలిపి కొద్దిసేపు అందులో ఉంచితే హాయిగా ఉంటుంది. వాసనలేని వాజలిన్ పలచగా రాస్తే మూత్రం తగిలినప్పుడు మంట తగ్గుతుంది. వదులు కాటన్ డ్రాయరు వేసుకోండి, మధ్యాహ్నం మార్చుకోవడానికి ఇంకొకటి బండిలో పెట్టుకోండి.

వెనక్కి తీసిన తోలు ముందుకి రాకుండా బిగిసి, చివర వాస్తే, లేదా మూత్రం రాకపోతే, అది ఎమర్జెన్సీ, తెల్లారేదాకా ఆగొద్దు. నొప్పి లేని పుండు, నీటి పొక్కులు, గడ్డ, ఎన్ని వారాలైనా మానని మచ్చ, ఇవి ఉంటే క్రీములతో కాలం గడపకండి, రక్త పరీక్షలు, అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్ష చేయాల్సి రావచ్చు. తోలు తెల్లగా మెరుస్తూ గట్టిపడి బిగుసుకుంటుంటే లైకెన్ స్క్లెరోసస్ అనే జబ్బు కావచ్చు. చిత్రం ఏమిటంటే, దానికి ఆ క్లోబెటసాలే సరైన మందు, కానీ చూసిన డాక్టరు చెప్పినన్నాళ్ళే. అందుకే ముందు చూపించుకోవాలి అనేది.

తిరుపతిలో రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మ, సుఖవ్యాధుల విభాగం ఉంది, పొద్దున్నే వెళ్ళి ఓపీ చీటీ తీసుకోండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో సుఖవ్యాధులు చూసే సురక్ష క్లినిక్ అని ఉంటుంది, అక్కడ పరీక్షలూ మందులూ ఉచితం, ఎవరికీ చెప్పరు.

చిత్తూరు నాయన:
మధ్యలో ఒక మాట. మా వాడికి నాలుగేళ్ళు, ముందు తోలు వెనక్కి రావట్లేదు, లాగి శుభ్రం చేయాలా?

వార్డు డ్యూటీ:
అస్సలు లాగొద్దు. ఆ వయసులో అంటుకుని ఉండటం మామూలే, పెరిగేకొద్దీ దానంతట అదే వదులవుతుంది. బలవంతం చేస్తే చిరిగి, మచ్చ కట్టి బిగుసుకుంటుంది. ఎర్రగా వాచినా, ఒంటికి పోసేటప్పుడు తోలు బుడగలా ఉబ్బి ఏడ్చినా పిల్లల డాక్టరుకి చూపించండి.

పుత్తూరు బండి:
చూపించుకున్నా. ఫంగసే అన్నారు, ఉత్త క్లోట్రిమజోల్ ఇచ్చారు, సబ్బు మాన్పించారు. పరగడుపు షుగర్ 168, ఇంకోసారి చేయించమన్నారు. మా ఆవిడకి చెప్పాను, ఆమెకేమీ లేదు. మంట బాగా తగ్గింది, క్రీమ్ ఆపెయ్యొచ్చా?

పలమనేరు కౌంటరు:
వద్దన్నా. డాక్టరు ఎన్నాళ్ళు రాశారో అన్నాళ్ళూ పూయండి. ఆ రెండో షుగర్ టెస్టు మాత్రం వాయిదా వేయకండి.