సమస్యాపూరణం: వేగముగల వాడె వేచి యుండె

నిర్వాహకుడు, మద్దిలపాలెం:
ఈ వారం ఆటవెలది చివరి పాదం ఇస్తున్నాను. నెమ్మదివాడు వెనకబడితే వింత లేదు, వేగం ఉన్నవాడు ఎందుకు ఆగాలి? విషయం ల్యాబ్‌వ్యూ. 1986లో మాకింటాష్ మీద మొదట వచ్చిన ఈ బొమ్మల ప్రోగ్రామింగులో కోడు వరసలు రాయం, పని చేసే పెట్టెల మధ్య తీగలు గీస్తాం. కావలసిన డేటా అంతా చేరాకే ఏ పెట్టె అయినా పని మొదలెడుతుంది. లూపు (ఒకే పనిని పదేపదే తిప్పే చట్రం) అంచు దాటి విలువ బయటికి రావాలంటే ఆ లూపు ముగియాలి. విశాఖ కూడా కనిపిస్తే మరీ సంతోషం.

గాజువాక సభ్యుడు:
ఒక్క లూపులోన నుంచ రెండు పనులు
చదువు వేగ ముగియు, జాగు వ్రాత,
రెండు ముగియుదాక రెండవ సుడి రాదు,
వేగముగల వాడె వేచి యుండె

మాస్టారూ, పది మిల్లీసెకన్లకోసారి సెన్సారు చదవాలి, సెకనుకోసారి ఫైల్లో రాయాలి. రెండూ ఒకే వైల్ లూపులో, అంటే ఆపమనేదాకా తిరిగేదానిలో, పెట్టాను. సెకనుకు నూరు చుక్కలు పడాల్సిన గ్రాఫులో ఒక్కటే పడుతోంది.

నిర్వాహకుడు:
ఒక్క–ఉంచ స్వరయతి, చ–జా కూడా చెల్లింది. లూపుకు "సుడి" అన్నావు చూడు, ఆ మాట నాకు ఎంతో నచ్చింది. మందు నీకు తెలిసే ఉంటుంది: రెండు లూపులు విడదీసి మధ్యలో క్యూ, అంటే విలువలు వచ్చిన వరసలో నిలిచే బారు, పెట్టు.

సీతమ్మధార సభ్యురాలు:
తీగ నొకటి లాగి తెచ్చి రెంటికి గట్ట
మొదటిదాగుదాక మొదలు గాదు,
రెండవదియొ చూడ రెప్పపాటు పనియె,
వేగముగల వాడె వేచి యుండె

నేను విడదీశాను మాస్టారూ. ఒకే స్టాప్ బటన్‌తో రెండూ ఆగాలని మొదటి లూపులోని బటన్ నుంచి రెండోదానికి తీగ లాగాను. రన్ నొక్కితే రెండోది కదల్లేదు. స్టాప్ నొక్కాక ఒక్క చుట్టు తిరిగి ఆగిపోయింది.

నిర్వాహకుడు:
ఈ వారానికి ఇదే మేలైన పూరణ అమ్మా. డేటా చేరాకే పని సాగే డేటాఫ్లో అంటే ఏమిటో రెండో పాదం ఒక్కటే చెప్పేసింది. తీగ తీసేసి, బటన్ విలువను తీగ లేకుండానే చదివే లోకల్ వేరియబుల్ రెండో లూపులో పెట్టు. బటన్‌కు లాచ్ గుణం (చదవగానే తానే వెనక్కి వచ్చేది) ఉంటే ల్యాబ్‌వ్యూ ఒప్పదు, రన్ బాణం విరిగినట్టు కనిపించి ప్రోగ్రాం నడవదు. నొక్కిన చోటే నిలిచే స్విచ్ గుణానికి మార్చి, ప్రోగ్రాం మొదట్లోనే ఫాల్స్ (ఆఫ్) చెయ్యి.

భీమిలి సభ్యుడు:
రేవు నిండియుండ రెండు దినములుగ
దింపు పనియె మెల్ల, తీర దెపుడు,
కడలి మీద నిలిచి కాచుకొన్నది యోడ,
వేగముగల వాడె వేచి యుండె

నాకు ల్యాబ్‌వ్యూ రాదండీ. రాత్రిళ్లు బీచ్ రోడ్డు నుంచి చూస్తే బెర్తు (రేవులో నిలిచే చోటు) కోసం ఆగిన ఓడల దీపాలు కనిపిస్తాయి, అదే రాశాను.

నిర్వాహకుడు:
మీకు తెలియకుండానే క్యూ గురించి రాశారు! క్యూకు పరిమాణం హద్దు పెడితే, నిండగానే ఎన్‌క్యూ (క్యూలో విలువ చేర్చే పని) చోటు దొరికేదాకా ఆగుతుంది. వేగంగా చదివే లూపు అచ్చంగా రేవు బయటి ఓడే. దోషం ఒక్కటే. "కాచుకొన్నది" అన్న వెంటనే "వాడె" పొసగదు. "కాచుకొనె సరంగు" (ఓడ నావికుల పెద్ద) అనండి, గణాలూ యతీ నిలుస్తాయి.

భీమిలి సభ్యుడు:
సరంగు! మా పేటలో రోజూ వినే మాట, నాకు తట్టలేదు. మార్చేశాను.

గాజువాక సభ్యుడు:
మాస్టారూ, క్యూకు హద్దే పెట్టకపోతే?

నిర్వాహకుడు:
చదివే లూపు ఆగదు తమ్ముడూ, రాసే లూపు వెనకబడితే మెమరీ నిండుతూ పోతుంది. సెకనుకు నూరు విలువలు వస్తాయి కదా, రాసే లూపు తిరిగినప్పుడల్లా ఆ నూరూ ఒకేసారి తీసి రాస్తోందో లేదో చూసుకో.