కొలిస్టిన్‌కి డిస్క్ వద్దంటే మరేం చేయాలి?

ప్రశ్న: మొన్నటి ఆన్‌లైన్ ప్రసంగంలో కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌కి డిస్క్ డిఫ్యూజన్ (అగార్ మీద మందు డిస్క్ పెట్టి, చుట్టూ బ్యాక్టీరియా పెరగని జోన్‌ని కొలవడం) అసలు వద్దన్నారు. మా ల్యాబ్‌లో మైక్రోడైల్యూషన్ (మందుని వేర్వేరు గాఢతల్లో కలిపి చూసే పరీక్ష) లేదు. దారేంటండీ?

జవాబు: ఆ అణువు పెద్దది, అగార్‌లో సరిగా పాకదు, జోన్‌ని నమ్మలేం. బ్రాత్ డిస్క్ ఎల్యూషన్ చేయండి, అంటే డిస్కుల్లోని మందుని ద్రవంలోకి దిగనిచ్చి చూడటం. నాలుగు గాజు ట్యూబుల్లో 10 మి.లీ. చొప్పున కేటయాన్ (కాల్షియం, మెగ్నీషియం) సరిచేసిన ముల్లర్ హింటన్ బ్రాత్ అనే పోషక ద్రవం పోసి, 10 మైక్రోగ్రాముల కొలిస్టిన్ డిస్కులు వరుసగా 0, 1, 2, 4 వేయండి. అరగంట బయటే ఉంచాక 0.5 మెక్‌ఫార్లాండ్ (మసక కొలమానం) బ్యాక్టీరియా సస్పెన్షన్ 50 మైక్రోలీటర్లు కలిపి, 35 డిగ్రీల్లో 16–20 గంటలు పెట్టండి.

ఇంకొకరు: ప్లాస్టిక్ ట్యూబులొద్దు, మందు గోడలకే అంటుకుపోతుంది. ఎసినెటోబాక్టర్ అనే బ్యాక్టీరియాకి ఈ పద్ధతి పనికిరాదు.

ప్రశ్న: రెండు డిస్కుల ట్యూబులో బ్యాక్టీరియా పెరిగి, నాలుగు డిస్కుల ట్యూబులో పెరగకపోతే?

జవాబు: ఎంఐసీ (పెరుగుదలని ఆపే కనీస గాఢత) మి.లీ.కి 4 మైక్రోగ్రాములు, రెసిస్టెంట్ (మందుకి లొంగదు). 2 లేదా అంతకన్నా తక్కువున్నా ఇంటర్మీడియట్ (మధ్యస్థం) అనే రాయాలి. ల్యాబ్ ప్రమాణాలు రాసే అమెరికా సంస్థ సీఎల్‌ఎస్‌ఐ 2020లో కొలిస్టిన్‌కి ససెప్టబుల్ (మందుకి లొంగుతుంది) అనే వర్గాన్ని తీసేసింది. ప్రోటియస్, సెరేషియా అనే బ్యాక్టీరియాలు స్వతహాగానే రెసిస్టెంట్, వాటికైతే టెస్టే దండగ.