డేటా ఏకవచనమా, బహువచనమా? ఒక్క 'ఎస్' మీద తగవు

కొండాపూర్ కొలువు
మా ఆఫీసులో నెలవారీ నివేదిక ఇంగ్లీషులో రాసే పని నాది. ఈసారి అందులో 'డేటా షోస్' అని రాశాను. మా పైఅధికారి చివరి ఎస్ కొట్టేసి, 'డేటా బహువచనం, దాని ఏకవచనం డేటమ్' అని పక్కన రాసి పంపారు. అమెరికాలోని క్లయింటు ఆ ఎస్‌ను మళ్లీ చేర్చి పంపాడు. నివేదికలోని అంకెల గురించి ఇంతవరకూ ఎవరూ నోరు విప్పలేదు. నా ఓటు ఏకవచనానికే. లెక్కపెట్టగలిగిన వాటికే కదా బహువచనం! 'ఐదు డేటా' అని ఎవరైనా అంటారా? ఐదు రికార్డులు అంటారు, ఐదు డేటా పాయింట్లు అంటారు. మీరేమంటారు?

లెక్కల మాస్టారు
మీ పైఅధికారి చెప్పిందే సరి. లాటిన్‌లో డేటమ్ అంటే 'ఇచ్చినది', డేటా అంటే 'ఇచ్చినవి'. సరే, లాటిన్ సంగతి పక్కన పెట్టండి. నేను చాలాకాలం డిగ్రీ పిల్లలకు గణాంక శాస్త్రం చెప్పాను. ముప్పై మంది ఎత్తులు కొలిస్తే చేతికి వచ్చేది ముప్పై విలువలు. వాటిని చిన్న నుంచి పెద్దకు పేర్చుతాం, నడిమి రెండిటి సగటు పట్టుకుంటాం, ఒకటి మరీ తేడాగా కనిపిస్తే కొలిచినవాడిని నిలదీస్తాం. ఆ విడివిడితనం పోతే మా శాస్త్రానికి పనే లేదు. పరిశోధన పత్రాలు రాసేవారు ఎక్కువగా అనుసరించే ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) శైలి కూడా డేటాను బహువచనంగానే వాడమంటుంది. ఉస్మానియా, ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూ పక్కపక్కనే ఉన్న మన హైదరాబాద్‌లో ఈ సందేహం రావడమే చిత్రం!

ఆబిడ్స్ ప్రూఫ్‌రీడర్
మాస్టారూ, మీరు కళాశాల సమావేశాలకు అజెండా పంపేవారు కదా, ఎప్పుడైనా 'అజెండా ఆర్' అని రాశారా? అదీ లాటిన్ బహువచనమే, ఏకవచనం అజెండమ్. స్టామినా కూడా అంతే. పుట్టుక బహువచనం, బతుకు ఏకవచనం. ఇక శైలి పుస్తకాలంటారా, గార్డియన్ పత్రిక డేటాకు ఏకవచన క్రియే వాడమంటుంది. అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ వారు సాధారణ పాఠకులకు రాసేటప్పుడు ఏకవచనమనీ, శాస్త్ర రచనలో బహువచనమనీ విడదీశారు. నెలవారీ నివేదిక శాస్త్ర రచన ఎప్పటి నుంచి అయింది?

లెక్కల మాస్టారు
అజెండమ్ అన్న మాట ఎవరి నోటా లేదు. అది చచ్చిపోయింది కాబట్టి అజెండా ఒంటరిదైంది. డేటమ్ బతికే ఉంది. తేడా అక్కడుంది.

గొలుసు సర్వేయరు
డేటమ్ బతికి ఉన్నమాట నిజమే. కానీ అది మా దగ్గర ఉంది, మాస్టారి దగ్గర కాదు. మా వృత్తిలో డేటమ్ అంటే కొలతలకు ఆధారంగా పెట్టుకునే మట్టం. సికింద్రాబాద్ స్టేషన్‌లో పసుపు బోర్డు మీద ఊరి పేరు కింద సముద్ర మట్టానికి ఇన్ని మీటర్ల ఎత్తు అని రాసి ఉంటుంది కదా, ఆ ఎత్తుకు సగటు సముద్ర మట్టం డేటమ్. అక్షాంశ రేఖాంశాలకు వేరే డేటమ్ ఉంటుంది. మన పాత పటాలు జార్జ్ ఎవరెస్టు అనే సర్వేయరు వేసిన భూమి ఆకారపు లెక్క మీద గీసినవి, మీ ఫోనులోని జీపీఎస్ నడిచేది డబ్ల్యూజీఎస్ 84 అనే ప్రపంచవ్యాప్త డేటమ్ మీద. సవరించకుండా ఒకదానిపై ఒకటి పరిస్తే ఒకే గుట్ట రెండు చోట్ల కనిపిస్తుంది. ఇలాంటివి రెండు ఉంటే మేము డేటమ్స్ అంటాం. డేటా అంటే కొలిచి తెచ్చిన అంకెలు అనుకుంటారు. కాబట్టి బతికి ఉన్న డేటమ్‌కు డేటా బహువచనం కాదు, దాని దారి అది చూసుకుంది.

నల్లకుంట పాఠకురాలు
సర్వేయరు గారు భలే చెప్పారు. అయినా నేను మాస్టారి వైపే. కొండాపూర్ గారూ, లెక్కపెట్టలేనిది బహువచనం కాదన్నారు. ఇంట్లో బియ్యం నిండుకుంటే మీరేమంటారు? 'బియ్యం అయిపోయాయి' అంటారు. చివర 'లు' లేదు, 'ఐదు బియ్యం' అని ఎవరూ లెక్కపెట్టరు, అయినా క్రియ బహువచనమే. అదే పొయ్యి మీద పెట్టి దించితే 'అన్నం ఉడికింది', ఏకవచనం. పాలు విరిగాయి, నీళ్లు వచ్చాయి అంటాం. వాటినీ గ్లాసులతో కొలవాల్సిందే తప్ప లెక్కపెట్టలేం. మరి మీ నియమం ఎక్కడ నిలిచింది? ఇంగ్లీషులో మాత్రం ఓట్స్‌కు 'ఆర్', వీట్‌కు 'ఈజ్' ఎందుకు? రెండూ గింజలే కదా!

కొండాపూర్ కొలువు
బియ్యం సంగతి నాకు తట్టలేదు. దీనికి జవాబు ఆలోచించాలి.

ఆబిడ్స్ ప్రూఫ్‌రీడర్
ఆలోచించనక్కర్లేదు, జవాబు పత్రికలోనే ఉంది. 'రేషన్ బియ్యం పక్కదారి పడుతోంది' అన్న వాక్యం నేను ఎన్నిసార్లు దిద్దకుండా వదిలానో లెక్కలేదు. అక్కడ 'పడుతున్నాయి' అని రాస్తే నాకే చెవికి ఆనదు. చేటలో పోసి రాళ్లు ఏరేటప్పుడు బియ్యం 'అవి', లారీకి ఎత్తితే 'అది'. గింజ కనిపించినంత సేపే బహువచనం. డేటా కూడా అంతే. మాస్టారు ఒక్కో విలువనూ వేలితో పట్టుకుని చూస్తారు కాబట్టి ఆయనకు 'ఆర్' సహజం. సర్వర్లలో పోసి టెరాబైట్లలో కొలిచేవారికి 'ఈజ్' సహజం. కొండాపూర్ గారి నివేదిక లారీ సరుకు.

లెక్కల మాస్టారు
పోలిక బాగుంది, కాదనను. కానీ మీ లారీవాళ్లు ఒక్క దారిలో వెళ్లరే! నా దగ్గరికి దిద్దడానికి వచ్చే ప్రాజెక్టు నివేదికల్లో ఒక పేరాలో 'దీజ్ డేటా', కింది పేరాలో 'దిస్ డేటా'. ఇంకొకచోట 'మచ్ ఆఫ్ ద డేటా వర్' అని చూశాను. 'మచ్' అంటే ముద్దగా చూసినట్టు, 'వర్' అంటే విడదీసినట్టు. ఒకే వాక్యంలో కలిపి పోసి మళ్లీ ఏరడమా? 'ఈజ్' రాసేవాడు మొదటి నుంచి చివరి దాకా 'ఈజ్' రాస్తే నాకు అభ్యంతరం లేదు. నేను మాత్రం రాయను.

గొలుసు సర్వేయరు
మాస్టారు సగం దిగివచ్చినట్టే!

లెక్కల మాస్టారు
దిగలేదు. పక్కకు జరిగాను.

నల్లకుంట పాఠకురాలు
అమెరికా క్లయింటు, మీ పైఅధికారి ఇద్దరూ సంతోషించే మార్గం ఒకటుంది. డేటాను కర్త స్థానంలోంచి తప్పించి 'రిజల్ట్స్ షో' అని రాయండి. ఎస్ ఉండాల్సిన చోట ఉంటుంది, లేకూడని చోట ఉండదు.

కొండాపూర్ కొలువు
నిన్న అలాగే రాసి పంపాను. ఇద్దరూ ఒప్పుకున్నారు. ఇవాళ పొద్దున ఇంకో మెయిల్ వచ్చింది. నా పేరా చివర 'ద టీమ్ ఆర్' అని ఉందట, లండన్ శాఖవారు బాగుందన్నారట, అమెరికా వారు 'ఈజ్' చేయమన్నారట. దానికి వేరే చర్చ మొదలుపెడుతున్నాను, అందరూ అటు రండి.