పంది మాంసం ముట్టని పిల్లకు మెదడులో పురుగు: అసలు ఇది ఎవరికి వస్తుంది?

పద్మజ_తెనాలి
అందరికీ నమస్కారం. మా బంధువుల అమ్మాయి, పదకొండేళ్లు. పోయిన నెల ఒక పొద్దున టిఫిన్ తింటుంటే ఎడమ చేతి బొటనవేలు దానంతటదే కొట్టుకోవడం మొదలైంది. పాప నవ్వుతూ "చూడమ్మా, నా వేలు ఆగట్లేదు" అందట. చూస్తుండగానే ఆ అదురు మోచేతి దాకా పాకి, మూతి ఒక పక్కకు లాగేసి, పడిపోయింది. పక్కింటావిడ తాళాల గుత్తి తెచ్చి చేతిలో పెట్టింది. ఆటోలో ఆస్పత్రికి చేరేసరికి తెలివి వచ్చింది. ఎమ్మారైలో మెదడు కుడి వైపున శనగగింజంత మచ్చ, చుట్టూ ఉంగరంలా గీత. న్యూరోసిస్టిసెర్కోసిస్ అన్నారు. పందుల్లో ఉండే బద్దెపురుగు మెదడులో తిత్తి కట్టడమట. వాళ్లింట్లో కోడిగుడ్డు కూడా వండరు. మరి ఈ జబ్బు ఎలాంటివాళ్లకు వస్తుంది? పంది మాంసం తింటేనే వస్తుందా? తెలిసినవాళ్లు కచ్చితంగా చెప్పండి, నాకు చాలా అవసరం.

మూర్తి_కాకినాడ
క్యాబేజీ అండి. ఇంకేం వెతకకండి. 2009లో బండి మీద వెళ్తుంటే నాకు ఫిట్స్ వచ్చాయి. ఇదే మచ్చ. డాక్టరుగారు మొదట అడిగింది క్యాబేజీ తింటావా అనే. ఆ రోజు నుంచి మా ఇంటికి క్యాబేజీ రాలేదు, నాకు మళ్లీ ఫిట్స్ రాలేదు. పొరల మధ్య గుడ్లు ఉంటాయి, ఎంత కడిగినా పోవు.

శేఖర్_ల్యాబ్
నేను ఇరవై రెండేళ్లుగా ల్యాబులో మలపరీక్షలు చూస్తున్నాను. ఇక్కడ రెండు సంగతులు కలిసిపోతున్నాయి, విడదీసి చెబుతాను.

సరిగా ఉడకని పంది మాంసంలో తిత్తులు ఉంటే, తిన్నవాడి పేగుల్లో బద్దెపురుగు పెరుగుతుంది. రెండు నుంచి ఏడు మీటర్లు పెరిగినా చాలామందికి తెలియను కూడా తెలియదు. దాని గుడ్లు మలంలో బయటికి వస్తాయి. ఆ గుడ్లు నీళ్లతోనో, పచ్చి ఆకుకూరతోనో, సరిగా కడగని చేతితోనో ఇంకొకరి నోట్లోకి వెళ్తే, పిల్లపురుగు పేగు గోడ దాటి రక్తంలో కలిసి కండల్లోకి, కంట్లోకి, మెదడులోకి పోతుంది. అంటే మాంసం తిన్నవాడికి వచ్చేది పేగులో పురుగు. మెదడులో తిత్తి వచ్చేది ఎవరి మలమో అంటిన తిండి తిన్నవాడికి. పేగులో పురుగు ఉన్నవాడి చేయి వాడి నోటికే తగిలినా వస్తుంది.

న్యూయార్క్‌లో పంది మాంసాన్ని మతరీత్యా ముట్టని యూదు కుటుంబాల్లో నలుగురికి ఇదే జబ్బు వచ్చిందని 1992లో అక్కడి వైద్యులు రాశారు. వెతికితే ఆ ఇళ్లలో పనిచేయడానికి బయటి దేశాల నుంచి వచ్చినవాళ్లలో ఒకరికి బద్దెపురుగు దొరికింది. కాబట్టి పద్మజగారూ, శాకాహారం దీనికి అడ్డు కాదు.

సుధ_వరంగల్
మూర్తిగారూ, క్యాబేజీని ఉడికించే తింటాం కదా. ఉడికితే గుడ్డు చావదా?

మూర్తి_కాకినాడ
చావొచ్చు. కానీ తరిగేటప్పుడు కత్తికి, చెక్కకు, చేతికి అంటదా? అదే చేత్తో పెరుగన్నం కలపరా? పదిహేనేళ్లు మందులతో, స్కాన్లతో తిరిగిన మనిషిని నేను. నాకు ఉద్యోగంలో డ్రైవింగ్ ఆపేశారు, జీతం తగ్గింది. నా అనుభవం నేను చెబుతున్నాను.

శేఖర్_ల్యాబ్
అనుభవాన్ని కాదనను మూర్తిగారూ. కానీ మీ ఫిట్స్ ఆగింది మందులతో, తిత్తి ఎండిపోవడంతో. క్యాబేజీ ఒక్కదాన్నే పట్టుకుంటే కొత్తిమీర, పుదీనా, పచ్చి ఉల్లికాడలు, బండి మీద అమ్మే కోసిన పండ్ల సంగతేంటి? హైదరాబాద్ దాటాక మూసీ పొడుగునా మురుగునీటితో ఆకుకూరలు పండిస్తారు. పంట ఏదన్నది కాదు, దానికి పెట్టిన నీళ్లు ఏవన్నది చూడాలి.

వెంకట్_పల్నాడు
మీరంతా చుట్టూ తిరుగుతున్నారు. పందులు లేకపోతే ఈ పురుగే లేదు. మా వీధిలో ముప్పై పందులు తిరుగుతాయి. మున్సిపాలిటీకి తొమ్మిదిసార్లు అర్జీ పెట్టాను, ఒక్కరూ రాలేదు. మా మనవడు బడికి వెళ్లే దారిలో అవి పొర్లుతుంటాయి. పెంచేవాళ్లను ఊరి బయటికి పంపాలి.

జ్యోతి_చీరాల
వెంకట్‌గారూ, మా నాన్న పందులు పెంచే నన్ను నర్సింగ్ చదివించాడు. పంది ఈ పురుగుతో పుట్టదు. మనిషి మలం తింటేనే దానికి తిత్తులు పడతాయి. పెంకుటింటి వెనక బయలుకు వెళ్లేవాళ్లది కొంత. మీ కాలనీలో సెప్టిక్ ట్యాంకు గొట్టాన్ని నేరుగా కాలువలోకి వదిలిన మేడలది మిగతాది. ఆ కాలువ మీద కూడా అర్జీ పెట్టారా?

వెంకట్_పల్నాడు
నేను మిమ్మల్ని అనలేదమ్మా. పందుల్ని అన్నాను.

జ్యోతి_చీరాల
"పెంచేవాళ్లను పంపాలి" అని రాశారు, పైన అలాగే ఉంది. మా అన్నకు ఇరవయ్యో ఏట ఇదే జబ్బు వచ్చింది. వార్డులో అందరి ముందు "మీరు తింటారుగా, రాక ఏం చేస్తుంది" అన్నారు. పక్క మంచం మీద జంధ్యం వేసుకున్న పిల్లాడు, అతనికీ అదే మచ్చ. అతని కేస్ షీటులో తిండి గురించి ఒక్క ముక్క లేదు. మా అన్న షీటులో మొదటి వరుసలోనే రాశారు. రెండు షీట్లూ నా కళ్లతో చూశాను.

రాజు_సిద్దిపేట
ఉంగరం మచ్చ అనగానే ఇదేనని అనుకోవద్దు. మా బావకు అదే మచ్చ, చివరికి టీబీ గడ్డ అని తేలింది.

శేఖర్_ల్యాబ్
రాజుగారి మాట ముఖ్యం. మన దేశంలో ఈ రెండింటికీ పొరపాటు ఎక్కువ. మచ్చ 20 మిల్లీమీటర్లు దాటినా, జ్వరం, బరువు తగ్గడం ఉన్నా టీబీ వైపు చూస్తారు. పద్మజగారి పాపది శనగగింజంత అన్నారు కాబట్టి డాక్టర్లు పురుగు వైపు మొగ్గి ఉంటారు. ఇంకో మాట. పిల్లలకు వచ్చినప్పుడు ఇంట్లో అందరికీ, వంట చేసేవాళ్లతో సహా, మలపరీక్ష చేయించాలి. ఒక్కసారి దొరక్కపోతే మళ్లీ చేయించాలి. పురుగు దొరికితే మాత్రతో పోతుంది.

పద్మజ_తెనాలి
వంటమనిషిని వాళ్లు అప్పుడే మాన్పించేశారు.

జ్యోతి_చీరాల
పరీక్ష చేయించకుండానేనా? ఇదేం న్యాయం? ఆవిడకు పురుగు లేకపోతే? ఉంటే మాత్రం, మందు ఇప్పించకుండా పంపేస్తే ఆవిడ ఇంకో ఇంట్లో వండదా?

సుధ_వరంగల్
ఆడపిల్ల విషయం, నలుగురిలో పెట్టకపోవడమే మంచిది కదా. రేపు పెళ్లి సంబంధాలప్పుడు ఫిట్స్ అంటే...

జ్యోతి_చీరాల
పదకొండేళ్ల పిల్లకు పెళ్లి సంబంధాలా! మూర్ఛ ఉంటే పెళ్లి చెల్లదన్న మాటను హిందూ వివాహ చట్టం నుంచి 1999లోనే తీసేశారు. మనం మాత్రం ఇంకా గుసగుసలాడుతున్నాం.

పద్మజ_తెనాలి
ఇక దాచను. పాప మా అక్క కూతురు. మేం మాంసం తింటాం. అక్క పెళ్లయ్యాక వాళ్ల పద్ధతికి మారింది. పాప మూడేళ్లుగా వేసవి సెలవులకు మా ఇంటికే వస్తోంది. జబ్బు పేరు తెలిసిన సాయంత్రమే అక్క అత్తగారు ఫోన్ చేసి "నా మనవరాలికి ఏం పెట్టావు?" అన్నారు. నేను పంది మాంసం జన్మలో వండలేదు. కోడికూర కూడా పాపకు పెట్టలేదు, అక్క మాటంటే మాటే. అప్పటి నుంచి అక్క నా ఫోన్ ఎత్తట్లేదు. అందుకే కచ్చితంగా చెప్పమన్నాను. మా ఇంట్లో రాలేదని ఎవరైనా రాసిస్తే అది వాళ్లకు పంపుదామనుకున్నాను.

మూర్తి_కాకినాడ
అయ్యో తల్లీ. ముందే చెప్పాల్సింది.

శేఖర్_ల్యాబ్
అమ్మా, నిజమే చెబుతాను, కోపం తెచ్చుకోవద్దు. మీరు మాంసం పెట్టి ఉంటే వచ్చిందన్న మాట తప్పు. అది వాళ్లకు ధైర్యంగా చెప్పండి. కానీ మీ ఇంట్లో రాలేదని ఎవరూ రాసివ్వలేరు. గుడ్డు లోపలికి వెళ్లాక ఫిట్స్ రావడానికి నెలలు పట్టొచ్చు, ఏళ్లు పట్టొచ్చు. మీ ఇంటి పచ్చడిలో కొత్తిమీర కావచ్చు, వాళ్లింటి పెరుగుపచ్చడి కావచ్చు, బడి గేటు ముందు జామకాయ ముక్క కావచ్చు. ఏ పూట తిన్నదో పట్టుకునే పరీక్ష లేదు.

వెంకట్_పల్నాడు
పద్మజమ్మా, నేనూ పందుల మీద పడ్డాను తప్ప పిల్ల ఎలా ఉందని అడగలేదు. జ్యోతిగారూ, మా కాలనీలో నాలుగు మేడల గొట్టాలు కాలువలోకే ఉన్నాయి. అందులో ఒకటి మాది. పందుల మాట మాత్రం వెనక్కి తీసుకోను, వీధిలో వదలకూడదు, కట్టేసి పెంచాలి.

జ్యోతి_చీరాల
కట్టేసి పెంచాలన్నదానికి నేనూ ఒప్పుకుంటాను. మా నాన్న చివరి రోజుల్లో దొడ్డి కట్టుకున్నాడు, అప్పు చేసి. పద్మజా, పాపకు మళ్లీ ఫిట్స్ వస్తే తాళాలు వద్దు, నోట్లో చెంచా వద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి టైము చూడండి. ఐదు నిమిషాలు దాటితే ఆస్పత్రికి పరుగెత్తాలి. ఒక్కటే మచ్చ అయితే చాలామందికి కొన్ని నెలల్లో కరిగిపోతుంది. ఫిట్స్ మాత్ర మాత్రం డాక్టరు ఆపమనే దాకా ఆపకూడదు. మా అన్న మధ్యలో ఆపి రెండోసారి పడ్డాడు.

పద్మజ_తెనాలి
శేఖర్‌గారు రాసింది యథాతథంగా బావగారికి వాట్సాప్‌లో పంపాను. చదివినట్టు నీలం గీతలు పడ్డాయి, జవాబు లేదు. రేపు పొద్దున మా ఇంట్లో నలుగురం మలపరీక్షకు ఇస్తున్నాం. వాళ్లు మాన్పించేసిన వంటావిడ నంబరు నా దగ్గరుంది, ఆవిడ పరీక్షకు డబ్బులు నేనే కడతానని చెప్పాను, వస్తానంది. రిపోర్టులు రాగానే ఇక్కడ పెడతాను.

మూర్తి_కాకినాడ
పెట్టండి. పాపకు పచ్చి క్యాబేజీ మాత్రం ఇవ్వకండి, దయచేసి.