ఆయిల్ ఆపినందుకే జపాన్ యుద్ధానికి దిగిందా?

పాతపటం:
మొన్న ఒక మిత్రుడు వాదించాడు: "అమెరికా గొంతు పిసికింది, జపాన్ తిరగబడింది, అంతే." లెక్కలు చూస్తే నాకూ అదే నిజమనిపిస్తోంది. జపాన్ వాడే చమురులో 80 శాతం దాకా అమెరికా నుంచే వచ్చేది. 1941 జూలై 26న అమెరికా జపాన్ ఆస్తులు స్తంభింపజేసింది, ఆగస్టు 1న ఆయిల్‌కి బ్రేకు పడింది. బ్రిటన్, డచ్ వాళ్లదీ అదే దారి. నిల్వలు రెండేళ్లకు సరిపోతాయి, యుద్ధమొస్తే ఏడాదిన్నరే అని నేవీ పెద్ద నగానో చక్రవర్తికి చెప్పాడు. ఇంకేం చేస్తారండీ?

రేవుగాలి:
ఆయిల్ ఎందుకు ఆగిందో కూడా చెప్పాలి కదా పాతపటం గారూ. ఆ జూలైలోనే జపాన్ వాళ్లు దక్షిణ ఇండోచైనాలో (ఇప్పటి వియత్నాం వైపు) సైన్యాన్ని దించారు. అంతకుముందు ఏడాది హిట్లర్‌తో ఒప్పందం. చైనాలో అప్పటికే నాలుగేళ్లుగా యుద్ధం. సరుకిచ్చే షావుకారు గుమ్మంలోనే కర్ర తిప్పి, అరువు ఆపేశాడని ఏడిస్తే ఎలా?

సెప్టెంబర్ 5 నాటి సంగతి చూడండి. ప్రధాని కొనోయే తర్వాత రాసుకున్నదే ఇది. దక్షిణాన, అంటే ఆగ్నేయాసియా, పసిఫిక్ వైపు, పని మూడు నెలల్లో అయిపోతుందని సైన్యాధిపతి సుగియామా అన్నాడు. చైనా గొడవ మొదలైనప్పుడు యుద్ధమంత్రివి నువ్వే, నెలలో ముగుస్తుందన్నావు, నాలుగేళ్లయినా తెమల్లేదేం అని చక్రవర్తి నిలదీశాడు. చైనా లోతట్టు చాలా విశాలమండీ అని ఈయన నసిగాడు. పసిఫిక్ అంతకన్నా విశాలం కాదా అనేసరికి తల దించుకున్నాడు. మర్నాడేమో, అక్టోబర్ మొదట్లోగా మాటలు ఫలించకపోతే యుద్ధమే అన్న తీర్మానానికి అదే చక్రవర్తి సమక్షంలో ఆమోదం పడింది!

పాతపటం:
మరి దౌత్యం సంగతో? అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌ని స్వయంగా కలుస్తానని కొనోయే బతిమాలాడు. ముందు ముఖ్య విషయాలు తేలాలి, తర్వాతే భేటీ అన్నారు. నవంబర్ 20న రాయబారులు నొమురా, కురుసు ఇంకో ప్రతిపాదన ఇచ్చారు: దక్షిణ ఇండోచైనా నుంచి వెనక్కి జరుగుతాం, ఆయిల్ ఇవ్వండి అని. 26న అమెరికా విదేశాంగ మంత్రి హల్ ఇచ్చిన జవాబు? చైనా, ఇండోచైనా రెండూ ఖాళీ చెయ్యమని. తలుపు మూసింది ఎవరు?

రేవుగాలి:
ఆ 26నే పెర్ల్ హార్బర్ మీద దాడికి అడ్మిరల్ నగుమో నౌకాదళం కురిల్ దీవుల్లోని హితొకప్పు నుంచి బయల్దేరింది. హల్ జవాబు చదివి కాదు. మాటలు కుదిరితే వెనక్కి పిలుద్దామనుకున్న మాట నిజమే.

అసలు ముడి అక్టోబర్లోనే పడింది. సైన్యాన్ని చైనా నుంచి రప్పించడం కుదరనే కుదరదని యుద్ధమంత్రి తోజో కేబినెట్లో తెగేసి చెప్పాడు. నేవీ మంత్రి ఒయికావా "నిర్ణయం ప్రధానికే వదిలేస్తున్నాం" అని తప్పుకున్నాడు. నా ఉద్దేశంలో అసలు ద్రోహం అదే. అమెరికాతో పోరాటం పేరు చెప్పి ఏళ్ల తరబడి బడ్జెట్లు తీసుకున్నవాళ్లు, మా వల్ల కాదని ఏ నోటితో అంటారు? 16న కొనోయే రాజీనామా, 18న తోజో ప్రధాని. ఆ ఆయిల్ కావాల్సింది దేశం బతకడానికే కాదండీ, చైనా యుద్ధం సాగడానికి.

పాతపటం:
చైనా సంగతి ఒప్పుకుంటాను. కానీ ఆయిల్ ఆపకపోతే ఆ డిసెంబర్లోనే దిగేవాళ్లు కాదు. ట్యాంకుల్లో మట్టం రోజూ తగ్గుతుంటే ఎవరికైనా టెన్షనే.

రేవుగాలి:
ముహూర్తం ఆయిల్ పెట్టిందంటే ఒప్పుకుంటా, పెళ్లి కుదిర్చింది మాత్రం చైనా.

బీచిరోడ్డు:
మధ్యలో వస్తున్నా, మాది వైజాగ్. 1942 ఏప్రిల్ 6న ఇక్కడా కాకినాడలోనూ జపాన్ బాంబులు పడ్డాయి, అందుకే ఈ చర్చ చదువుతున్నా. ఒక డౌటు: ఇంతా చేసి ఆయిల్ దక్కిందా?

రేవుగాలి:
ఆ ఫిబ్రవరిలోనే సుమత్రాలోని చమురు కేంద్రం పాలెంబాంగ్ చేతికొచ్చింది. కొన్నాళ్లు బాగానే నడిచింది. తర్వాత అమెరికా సబ్‌మెరైన్లు ట్యాంకర్లను వరసపెట్టి ముంచేశాయి. అన్నట్టు, 1931లో ఆక్రమించుకున్న మంచూరియాలో డాచింగ్ అనే చోట నేల కింద బోలెడంత చమురు ఉంది. అది బయటపడింది 1959లో, చైనా వాళ్లు తవ్వితే.