ఐరోపా వాళ్ళని ఆసియా, ఆసియా వాళ్ళని ఐరోపా వింతగా చూడడం: తప్పు ఇద్దరిదీ సమానమేనా?

గోదారిగట్టు:
ఐరోపా వాళ్ళు ఆసియా మీద వేసిన ముద్రల గురించే ఎప్పుడూ మాట్లాడుకుంటాం. ఇటువైపు సంగతేంటి? 1543లో జపాన్ చేరిన పోర్చుగీసు వాళ్ళకి అక్కడ పడ్డ పేరు "నంబన్‌జిన్", అంటే దక్షిణం నుంచి వచ్చిన అనాగరికులు. ఆనాటి మడత తెరల మీద బొమ్మలు చూడండి: పొడుగాటి ముక్కులు, బుడగల్లా ఉబ్బిన లాగులు. "మేం వేరు" అని చెప్పుకోడానికి ఎదుటివాణ్ణి వింతగా గీయడం అందరూ చేసిందే. నా లెక్కలో ఇద్దరూ ఒకటే.

మునగచెట్టు:
ఒకటే అంటే ఒప్పుకోనండి. ఆ లాగులు చూసి జపాన్ వాళ్ళు ముచ్చటపడ్డారు కూడా. 1590ల్లో అక్కడి ప్రభువులు కొందరు అలాంటివే కుట్టించుకున్నారు. ఇప్పుడు 1895 నాటి బొమ్మ చూడండి. జర్మనీ చక్రవర్తి రెండో విల్‌హెల్మ్ చెప్పి గీయించి రష్యా జారుకి పంపినది. కొండ అంచున ఐరోపా దేశాలు కవచాలు తొడిగిన ఆడవాళ్ళలా నిలబడి ఉంటాయి, దేవదూత మైకేల్ చెయ్యి చాపి ఏదో చూపిస్తుంటాడు. అటు చూస్తే నల్లటి మబ్బుల మీద, మంటల మధ్య కూర్చున్న బుద్ధుడు. బుద్ధుడు గండమా! ఒకరంటే ఒకరికి పడని దేశాల చేత "మనం" అనిపించడానికి బయట ఒక భూతం కావాల్సి వచ్చింది. 1900లో చైనాకి సైన్యాన్ని పంపుతూ ఇదే చక్రవర్తి "క్షమించొద్దు, ఖైదీలుగా పట్టుకోవద్దు" అన్నాడు. తెర మీద ముక్కు పొడుగ్గా గీసినందుకు ఎవరి ప్రాణం పోయింది?

గోదారిగట్టు:
ప్రాణాలూ పోయాయండి. 1597లో నాగసాకిలో 26 మంది క్రైస్తవులని శిలువ వేశారు. వాళ్ళలో 20 మంది జపాన్ వాళ్ళే. పరాయివాడి ముద్ర పడితే సొంత మనిషీ పరాయివాడే. 1885లో టోక్యో పత్రిక జీజీ షింపో అయితే చైనా, కొరియాలు చెడు సావాసమని, వాటిని వదిలి పడమటి దేశాలతో నడవాలని రాసింది. ఐరోపా ఆసియా మీద వేసిన ముద్రనే జపాన్ తీసుకుని పొరుగువాళ్ళ మీద వేసింది. 1910 నాటికి కొరియాని మింగేసింది.

మునగచెట్టు:
ఆ మాట నిజమే. కానీ ఆ ముద్ర తయారైంది ఎక్కడో మీరే చెప్పారు కదా.

స్టుట్‌గార్ట్ తెలుగమ్మాయి:
ఇదంతా పాత చరిత్ర అనుకోకండి. 1990ల్లో సింగపూర్ నేత లీ క్వాన్ యూ, మలేషియా ప్రధాని మహాథిర్ "ఆసియా విలువలు" అన్నారు: మనకి కుటుంబం ముఖ్యం, పడమటి వాళ్ళకి ఎవరికి వారే ముఖ్యమని. దాంతో ప్రభుత్వాన్ని ప్రశ్నించే ఆసియావాడు పడమటి మనిషి అయిపోయాడు. ఇక్కడ జర్మనీలో మన తెలుగువాళ్ళు కలిస్తే "వీళ్ళకి అమ్మానాన్నలు అక్కర్లేదు" అనే మాట రాకుండా భోజనాలు అవ్వవు. నేనూ అన్నాను. మా కింది ఫ్లాట్‌లో ఎనభై దాటిన పెద్దావిడ ఉన్నారు. కొడుకు ప్రతి బుధవారం వచ్చి, వారానికి సరిపడా మందులు డబ్బాలో సర్ది, ఆవిడతో కలిసి తిని వెళ్తాడు. మా అమ్మ గుంటూరులో ఒక్కతే ఉంటుంది. నేను వెళ్ళి రెండేళ్ళయింది.